పన్నెండు మందికి పండగ బ్రంచ్ బోర్డు: ప్రాజెక్టు డైరీ

ఉదయం 10:30కి 12 మంది అతిథులు. ఒకే పెద్ద గ్రేజింగ్ బోర్డు (చీజ్, పండ్లు, బ్రెడ్ లాంటివి పరిచి అందరూ ఏరుకుని తినే చెక్క పలక), పక్కన వేరే వంటలేవీ లేవు, దీంతోనే కడుపు నిండాలి. ఇలాంటి బోర్డుకి అసలు శత్రువు తేమ. క్రాకర్ మెత్తబడినా, స్ట్రాబెర్రీ రంగు చీజ్‌కి అంటినా, పాన్‌కేక్ అడుగు చెమ్మగిల్లినా కారణం అదే. అందుకని ఈ డైరీలో పనుల వరస మొత్తం రెండు ప్రశ్నల మీద నడుస్తుంది: ఏది ఎంతసేపు నిలుస్తుంది, ఏది ఎంత నీరు వదులుతుంది. అలంకారానికి చివర్లో పావుగంట మిగిలితే చాలు.

నాలుగు రోజుల ముందు: లెక్క, పటం

బోర్డు కొలత 60 × 45 సెం.మీ. అంచు లేని చెక్క పలక. పన్నెండు మందికి ఇంతకన్నా చిన్నదైతే ఒకదాని మీద ఒకటి పేర్చాల్సి వస్తుంది, అడుగున ఉన్నవి నలిగిపోతాయి. మరీ పెద్దదైతే మధ్యలో ఉన్నవాటికి చేయి అందదు.

మనిషికి చీజ్ 75 గ్రాములు, పండ్లు 150, నట్స్ 25, ఒక గుడ్డు, రెండు పాన్‌కేక్‌లు, ఒక మినీ క్రోసాన్ (వెన్న పొరల చిన్న బన్ను), పెరుగు డిప్, బెర్రీ కంపోట్ (చక్కెరతో ఉడికించిన పళ్ళు) కలిపి మూడు టేబుల్ స్పూన్లు. టీ టైమ్‌కి కొరకడానికి పెట్టే బోర్డయితే చీజ్ 45 గ్రాములు సరిపోతుంది. ఇది భోజనం బదులు కాబట్టి పెంచాలి. మొత్తం మీద కొనాల్సింది:

చీజ్ 900 గ్రాములు: బ్రీ 250, చెడ్డార్ 300, గౌడా 200, మేక పాల మెత్తటి చీజ్ 150. పండ్లు 1.8 కిలోలు: గింజల్లేని ద్రాక్ష 600 గ్రాములు, స్ట్రాబెర్రీ 500, బ్లూబెర్రీ 200, యాపిల్, పియర్ కలిపి 500. పైన చల్లడానికి ఒక దానిమ్మ అదనం. గుడ్లు 14, అందులో రెండు ఒలిచేటప్పుడు చిరిగిపోయే వాటి బదులు. బాదం, వాల్‌నట్ చెరి 150 గ్రాములు. ఒక పొడవాటి బాగెట్ (ఫ్రెంచ్ బ్రెడ్), క్రాకర్స్ 200 గ్రాములు. స్మోక్డ్ సాల్మన్ (పొగబెట్టిన చేప) 250 గ్రాములు, అది వేరే పళ్ళెంలో.

చీజ్ ఎన్ని రకాలన్నది ఎప్పుడూ వచ్చే వాదన. నాలుగు దాటితే బోర్డు నిండుగా కనిపిస్తుందే తప్ప ఒక్కోటీ సగం సగం మిగిలిపోతుంది. ఒకటి మెత్తనిది (బ్రీ), ఒకటి గట్టిది (చెడ్డార్), ఒకటి మధ్యరకం (గౌడా), ఒకటి పుల్లనిది (మేక చీజ్) ఉంటే చాలు.

పటం గీయడం చాలామంది వదిలేసే పని. బటర్ పేపర్ మీద బోర్డు పెట్టి చుట్టూ గీత గీయాలి. ఖాళీ గిన్నెలు, బ్రీ డబ్బా, క్రోసాన్ల సంచీ దాని మీద పెట్టి చూసుకుని, ఎక్కడ ఏది వస్తుందో పెన్నుతో రాయాలి. రెండు నియమాలు పాటిస్తే పటం పాడవదు. నీరు వదిలేదీ నీరు పీల్చేదీ పక్కపక్కన ఉండకూడదు. ఒకే వస్తువు రెండు మూలల్లో ఉండాలి, లేదంటే చివర కూర్చున్నవాళ్ళు చీజ్ కోసం బోర్డు మొత్తం దాటి చేయి చాస్తారు, మధ్యలోవి దొర్లిపోతాయి.

అలర్జీల సంగతి అతిథులను ఈరోజే అడగాలి. నట్స్ పడనివాళ్ళు ఒక్కరున్నా బాదం, వాల్‌నట్ బోర్డు మీద చల్లడం మానేసి వేరే గిన్నెల్లో, వేరే స్పూన్లతో, బోర్డుకి దూరంగా పెట్టాలి. ఒకసారి చల్లాక ఏరేసినా లాభం లేదు, పొడి మిగిలే ఉంటుంది. గర్భిణులుంటే బ్రీ, మేక చీజ్ పాశ్చరైజ్ చేసిన పాలవేనా అని లేబుల్ చూడాలి. సాల్మన్ వాళ్ళకి వద్దని ముందే చెప్పాలి. చల్లగా పొగబెట్టిన చేపలో లిస్టీరియా అనే బాక్టీరియా ప్రమాదం ఉంటుంది.

మూడు రోజుల ముందు: నట్స్, కంపోట్, చెక్క

బోర్డుకి ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ పట్టించడం అయింది. పలచగా రుద్ది, రాత్రంతా వదిలి, పొద్దున పొడి గుడ్డతో తుడిచేయాలి. వంటనూనె వాడితే కొన్నాళ్ళకి కనరు వాసన వస్తుంది, అది చీజ్‌కి అంటుకుంటుంది. పాత బోర్డు మీద పచ్చి మాంసం కోసే అలవాటుంటే దీనికి వాడొద్దు.

నట్స్: ఓవెన్ 175 డిగ్రీలు. బాదం 10 నుంచి 12 నిమిషాలు, వాల్‌నట్ 8 నుంచి 10. రెండూ ఒకే ట్రేలో పెడితే బాదం వేగేలోపు వాల్‌నట్ చేదెక్కుతుంది, కాబట్టి విడివిడిగా. వేగిందో లేదో పైరంగు చూసి చెప్పలేం. ఒక బాదం రెండుగా విరిస్తే లోపల లేత గోధుమరంగు రావాలి. వేడి మీద మెత్తగానే ఉంటాయి, కరకరలాడేది చల్లారాకే. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పోస్తే లోపల ఆవిరి పట్టి వేయించిన పనంతా వృథా. తేనె పూత పూసిన నట్స్ ఫోటోల్లో బాగుంటాయి కానీ చక్కెర గాలిలో తేమను లాగేస్తుంది, గంటకే ముద్దలు కడతాయి. ఉప్పు, చిటికెడు మిరియాల పొడి వేస్తే సరి.

కంపోట్: ఫ్రోజెన్ బెర్రీలు 300 గ్రాములు, చక్కెర 60 గ్రాములు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూను. సన్న మంట మీద 12 నిమిషాలు. ఫ్రీజర్‌లో పెట్టిన పళ్ళెం మీద ఒక చుక్క వేసి వేలితో గీత గీస్తే, గీత మెల్లగా పూడుతున్న దశలో దించేయాలి. పొయ్యి మీదే జామ్‌లా అయిందంటే ఫ్రిజ్‌లో రాయి అవుతుంది. పళ్ళలోని పెక్టిన్ బిగిసేది చల్లబడ్డాకే కదా. మూత పెట్టి ఫ్రిజ్‌లోకి.

రెండు రోజుల ముందు: కొనుగోలు

ద్రాక్ష కొనేటప్పుడు కాయను కాదు, కాడను చూడాలి. పచ్చగా, వంగేలా ఉంటే తాజాది. గోధుమరంగులో పెళుసుగా ఉంటే బోర్డు మీద ఎత్తగానే కాయలు రాలిపోతాయి. స్ట్రాబెర్రీ డబ్బాని తిరగేసి అడుగు చూడాలి, మరక ఉంటే వద్దు. ఇంటికొచ్చాక కడగకూడదు. డబ్బాలో టిష్యూ వేసి, ఒక్క వరసలో పేర్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒక్క బూజు కాయ ఉన్నా చుట్టూ ఉన్నవాటికి పాకుతుంది.

బ్రీ మధ్యలో వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. గట్టిగా ఉంటే రెండు రోజుల్లో పెద్దగా మారదు. అమ్మోనియా వాసన ఘాటుగా కొడితే దాని సమయం దాటిపోయిందని అర్థం.

అరటి, పుచ్చకాయ, అవకాడో జాబితాలో లేవు, కావాలనే. అరటి, అవకాడో కోసిన కాసేపటికే నల్లబడతాయి, పుచ్చకాయ నీళ్ళు బోర్డంతా పారతాయి. కివీ, పైనాపిల్ కూడా పెరుగు డిప్‌కి తగలకూడదు. వాటిలోని ఎంజైములు పాల ప్రోటీన్‌ని విరిచి చేదు తెస్తాయి.

రాత్రి పడుకునే ముందు అర కిలో గట్టి పెరుగుని పలచటి గుడ్డలో కట్టి, గిన్నె మీద జల్లెడలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాం. బయట వేలాడదీస్తే పులుస్తుంది.

ముందు రోజు

పెరుగు సుమారు 10 గంటలు కారాక సగం బరువుకి వచ్చింది, అంటే 250 గ్రాములు. స్పూను నిలబడాలి. ఉప్పు అర టీస్పూను, ఆలివ్ నూనె ఒక టేబుల్ స్పూను, నిమ్మ చెక్కు తురుము కలిపి ఉంచాం. వెల్లుల్లి, ఆకులు ఇప్పుడే కలపకూడదు. వెల్లుల్లి రాత్రంతా ఘాటెక్కుతుంది, ఆకులు నీరు వదిలి డిప్‌ని పలచన చేస్తాయి.

మధ్యాహ్నం బాగెట్. సెంటీమీటరు మందాన ఏటవాలుగా కోసి, రెండువైపులా నూనె బ్రష్‌తో అద్ది, 180 డిగ్రీల్లో 10 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి. అంచు ఎర్రబడి మధ్యభాగం ఇంకా మెత్తగా ఉంటే మరో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. మధ్యలో మిగిలిన తేమ డబ్బాలో అంచులకి పాకి, తెల్లారేసరికి ముక్కలు తోలులా సాగుతాయి. రస్కుల్లా చివరిదాకా ఎండాలి, అంతే.

గుడ్లు: కొని వారం అయినవైతే పెంకు సులువుగా వస్తుంది. గుడ్డు పాతబడే కొద్దీ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది, పొరకి అంటుకునే పట్టు తగ్గుతుంది. చన్నీళ్ళలో వేసి మొదలుపెట్టకుండా మరుగుతున్న నీళ్ళలోకే దించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పెద్ద గుడ్డుకి 11 నిమిషాలు, వెంటనే ఐసు నీళ్ళు. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి బూడిద-ఆకుపచ్చ వలయం కడుతుంది. తినడానికి ఇబ్బంది లేదు కానీ, రెండుగా కోసి పెట్టేది చూడ్డానికేగా. జారుడు పచ్చసొన బోర్డుకి పనికిరాదు, మరకలు చేస్తుంది. ఒలిచి, తడి టిష్యూ కప్పిన డబ్బాలో ఫ్రిజ్‌లోకి.

చీజ్ కోత మీద కాసేపు నిలబడాలి. ఎప్పుడూ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, గట్టిగా ఉన్నప్పుడే కోయాలి. చెడ్డార్ 2 సెం.మీ. ఘనాలు, అంతకన్నా చిన్నవైతే అంచులు త్వరగా ఎండి పగుళ్ళు వస్తాయి. గౌడా పలచటి త్రిభుజాలు, పైనున్న మైనం పొర తీసేసి. మేక చీజ్‌కి కత్తి పెడితే అంటుకుని చితికిపోతుంది. సన్నటి, వాసన లేని దారాన్ని కింది నుంచి చుట్టి లాగితే బిళ్ళలు శుభ్రంగా తెగుతాయి. కోసినవన్నీ మధ్యన బటర్ పేపర్ వేసి మూత డబ్బాలో. బ్రీ మాత్రం ఈరోజు కోయలేదు. కోస్తే లోపలి మెత్తటి భాగం రాత్రికి బయటికి జారుతుంది.

చీజ్‌ని నక్షత్రాలుగా కట్ చేయడం ఇప్పుడు బాగా నడుస్తోంది. మూడో వంతు తునకలు పోతాయి. ఆ తునకలు ఎందులో వాడాలో ముందే తెలిస్తేనే ఆ జోలికి వెళ్ళాలి.

సాయంత్రం ద్రాక్ష కడిగి, కత్తెరతో ఐదారు కాయల చిన్న గుత్తులుగా కత్తిరించాం. తర్వాత గుడ్డ మీద పరిచి గంటసేపు ఫ్యాన్ కింద. ఈ ఆరబెట్టడం దగ్గర తొందరపడకూడదు. గుత్తిని ఎత్తి దులిపితే ఒక్క చుక్క రాలకూడదు. పైకి ఆరినట్టే ఉంటుంది, కాడలు కలిసే చోట మాత్రం నీరు దాక్కుని ఉంటుంది. రేపు ఆ నీరే క్రాకర్ కిందకి చేరుతుంది.

బ్రంచ్ రోజు, 7:30

దానిమ్మ ఒలిచి గింజలు టిష్యూ మీద ఆరబెట్టాం. స్ట్రాబెర్రీలు చల్లటి నీళ్ళలో ముంచి తీసి, వెంటనే తుడిచి ఉంచాం. తొడిమలు తీయలేదు. తొడిమ ఊడిన చోటునుంచే రసం కారుతుంది, పైగా పట్టుకోడానికి అదే పిడి.

8:15

పాన్‌కేక్ పిండి: మైదా 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, చక్కెర ఒక టేబుల్ స్పూను, పావు టీస్పూను ఉప్పు, ఒక గుడ్డు, పాలు 180 మి.లీ., కరిగించిన వెన్న 25 గ్రాములు. ఈ గుడ్డు ఆ 14లోది కాదు. చిన్న చిన్న ఉండలు ఉన్నా సరే కలపడం ఆపేయాలి. ఉండలు పోయేదాకా గిలక్కొడితే మైదాలోని గ్లూటెన్ సాగి పాన్‌కేక్ రబ్బరవుతుంది. 10 నిమిషాలు వదిలి, ఒక టేబుల్ స్పూను పిండికి ఒకటి చొప్పున పోస్తే 24 వస్తాయి. పైన బుడగలు పగిలి రంధ్రాలు అలాగే నిలిచాక తిప్పాలి. దించినవి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, వైర్ రాక్ మీద విడివిడిగా. గోరువెచ్చగా అయ్యాకే బోర్డు ఎక్కాలి. వేడివి పెడితే పక్కనున్న బ్రీ కరగడం, అడుగున చెక్క చెమర్చడం రెండూ జరుగుతాయి.

9:30

బోర్డుని తినబోయే బల్ల మీదే పెట్టాం, కింద తడి గుడ్డ పరిచి, కదలకుండా. వంటింట్లో సర్ది మోసుకొస్తే, నిండిన బోర్డు బరువుకి ఎటో వైపు ఒరుగుతుంది, బ్లూబెర్రీలన్నీ నేలపాలు. గది చల్లగా ఉండాలి, కిటికీ ఎండ బోర్డు మీద పడకూడదు.

ముందు ఖాళీ గిన్నెలు: డిప్, కంపోట్, తేనె, పటంలో రాసిన చోట, ఒకే గీతలో రాకుండా. తర్వాత బ్రీ, మధ్యకి కాస్త పక్కగా. కేకులా నడిమి నుంచి అంచుకి కోణాలుగా కోశాం, అప్పుడే ప్రతి ముక్కకీ కాస్త తోలు, కాస్త లోపలి భాగం వస్తాయి. మూడు ముక్కలు కోసి పక్కకి జరిపి, మిగతాది అలాగే ఉంచాలి. కోయని గుండ్రటి బ్రీని అతిథులు మొహమాటంతో ముట్టుకోరు.

చీజ్ ఇప్పుడు బయటికి రావడానికి కారణముంది: తినడానికి 45 నిమిషాల నుంచి గంట ముందు ఫ్రిజ్ బయట ఉంటే కొవ్వు మెత్తబడి రుచి తెలుస్తుంది. చెడ్డార్ మీద నూనె చెమట కనిపిస్తే గది వేడెక్కిందని గుర్తు.

9:55

పండ్లు. ద్రాక్ష గుత్తులు గిన్నెల చుట్టూ గోడలా, అవి దొర్లవు, పైగా మిగతావాటిని ఆపుతాయి. స్ట్రాబెర్రీలు మేక చీజ్‌కి దూరంగా. తెల్ల చీజ్ మీద ఎర్ర మరక చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. యాపిల్, పియర్ ఇప్పుడే కోసి, అర లీటరు నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు కలిపి 10 నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో కడిగి, తుడిచి పెట్టాం. నిమ్మరసమూ నల్లబడకుండా ఆపుతుంది, కాకపోతే చీజ్ పక్కన ఆ పులుపు అతకదు. కడిగాక ఉప్పదనం తెలియదు.

గుడ్లు రెండుగా కోసేటప్పుడు ప్రతి కోతకీ కత్తి తుడవాలి. ఒక్కో సగానికి అడుగున నాణెమంత పలచటి చెక్కు తీసేస్తే కదలకుండా కూర్చుంటాయి. దీన్ని వదిలేస్తే నున్నటి చెక్క మీద జారుతూ పచ్చసొన అన్నిటికీ పూస్తాయి. పైన మిరియాలు, ఉప్పు.

10:10

పాన్‌కేక్‌లు ఒకదాని మీద ఒకటి సగం ఆనేలా వంపుగా, 160 డిగ్రీల్లో ఐదు నిమిషాలు వేడి చేసి ఆరనిచ్చిన క్రోసాన్లు ఒక మూల. ఖాళీల్లో నట్స్, మిగిలిన సందుల్లో బ్లూబెర్రీలు, పైన దానిమ్మ గింజలు. పెరుగు డిప్‌లో తరిగిన పుదీనా, సన్నగా తురిమిన వెల్లుల్లి ఇప్పుడు కలపాలి. అలంకారానికి రోజ్‌మేరీ రెమ్మలు నాలుగే, చీజ్‌కి తగలకుండా. ఎక్కువైతే గదంతా దాని వాసనే. పూల కొట్టు పూలు వద్దు. వాటిపై చల్లే మందులు తినేవాటి కోసం కాదు, హైడ్రేంజియా లాంటివి అసలే విషం.

10:25

అన్నిటికన్నా చివర క్రాకర్స్, బాగెట్ ముక్కలు. సగమే, అదీ బోర్డు అంచుల్లో, నట్స్ పక్కన. మిగతా సగం మూత డబ్బాలో. సాల్మన్ ఫ్రిజ్‌లో చల్లబరిచిన పళ్ళెంలో, వేరే ఫోర్క్‌తో, శాకాహారులకి ఎదురు వైపున. ఒక్కో చీజ్‌కి ఒక్కో కత్తి. పేరు చీటీల మీద చీజ్ పేరుకన్నా నట్స్, గ్లూటెన్, గుడ్డు ఉన్నాయా లేదా అన్నది పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఐదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళ ద్రాక్షని నిలువుగా నాలుగు చీలికలు చేసి వేరే ప్లేటులో, పూర్తి నట్స్ అందకుండా. ఏడాది నిండని పసివాళ్ళకి తేనె అసలు తగలకూడదు.

11:15, నింపడం

గుడ్లు, డిప్, మెత్తటి చీజ్, సాల్మన్, కోసిన పండ్లు: 5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది కాబట్టి బయట మొత్తం రెండు గంటలే, గది 32 డిగ్రీలు దాటితే గంటే. ఈ గంటలు అతిథి వచ్చినప్పటి నుంచి కాదు, ఫ్రిజ్ తలుపు తీసినప్పటి నుంచి లెక్క. అందుకే గుడ్లు, పండ్లు మొదట 60 శాతమే పెట్టాం. డిప్ అయిపోతుంటే పాత గిన్నెలో పోయకుండా, ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న రెండో గిన్నెతో మార్చేయాలి. పాతదాని మీద కొత్తది పోస్తే అడుగున ఉన్నది ఎంతసేపటిదో ఎవరికీ తెలియదు.

సగం తిన్న బోర్డు చిందరవందరగా కనిపించే సమయం కూడా ఇదే. మిగిలినవాటిని మధ్యకి జరిపి, అంచులు తుడిచి, కొత్త క్రాకర్స్ పెడితే మళ్ళీ నిండుగా ఉంటుంది.

12:00, ఎత్తేయడం

మొదట పెట్టిన మెత్తటి చీజ్ రెండు గంటలు దాటింది, అది చెత్తలోకే. మొదటి విడతలో మిగిలిన గుడ్లు, పండ్ల ముక్కలు కూడా. మూత డబ్బాలో ఉన్న క్రాకర్స్, చేయి పడని నట్స్ దాచుకోవచ్చు. బోర్డుని సింక్‌లో నానబెట్టొద్దు. సబ్బు నీళ్ళతో రెండువైపులా కడిగి, తుడిచి, నిలబెట్టి ఆరబెట్టాలి. ఒకవైపే తడిస్తే ఆ వైపు ఉబ్బి పలక వంగుతుంది. బెర్రీ మరకకి రాళ్ళ ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దాలి.

బటర్ పేపర్ పటం మీద ఎర్ర పెన్నుతో మార్పులు: క్రాకర్స్ 150 గ్రాములు చాలు, ద్రాక్ష 800 కావాలి, తేనె గిన్నె కింద చిన్న సాసర్, పెరుగు డిప్ పాన్‌కేక్‌ల వైపు కాక బాగెట్ వైపు.